మెర్వ్ ముక్క

మల్గా కారు అమెరికాలో ఎందుకు అమ్మలేదని ఆస్ట్రేలియాలోని మా ఊరు క్యాసిల్‌మేన్ బారులో ఎవరినైనా అడగండి. బీరు ఒకటి చాలు, జవాబులు పది దొరుకుతాయి. వాళ్ళ కార్లు మన కారు ముందు నిలబడలేవని భయపడ్డారని ఒకడంటాడు. అక్కడి పెద్ద కంపెనీలు ప్రభుత్వం చెవిలో ఊదాయని ఇంకొకడంటాడు. పొగ ఎక్కువ వదిలిందని, బంపరు కిందికి ఉందని, స్టీరింగు ఎడమ పక్కకి మార్చడం కుదరలేదని తలా ఒక మాట. ఫుటీ ఆటలో మా ఊరు ఓడిన రోజైతే ఈ జోరు మరీ ఎక్కువ. ఆ బల్ల చివర ఒక పొడుగాటి ముసలాయన కూర్చుని గ్లాసు తిప్పుతూ ఉంటాడు, నోరు విప్పడు. పేరు మెర్విన్ పాస్కో. మల్గా ఎముకల గూడు కట్టిన వెల్డర్ అతనే. నిండుకుండ తొణకదంటారు గానీ, మెర్వ్ తొణకకపోవడానికి కారణం వేరే ఉంది.

మెర్వ్ తాతముత్తాతలు బంగారం తవ్వుకుందామని వచ్చి మట్టి మాత్రమే మిగుల్చుకున్నవాళ్ళు. తండ్రి ఫౌండ్రీలో ఇనుము పోత పోసేవాడు. మెర్వ్ రెండు ఇనుప ముక్కలు కలిపాడంటే అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు. మాటల్లో మాత్రం పరమ పిసినారి. భార్య గ్లెనిస్ బేకరీలో పనిచేసేది, ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, జెనీన్.

జెనీన్‌కి పద్దెనిమిది నిండగానే మెర్వ్ ఒక చిన్న పాత కారు కొన్నాడు. కొన్నది కొన్నట్టు పిల్ల చేతికిస్తే మెర్వ్ ఎందుకవుతాడు? సెలవు రోజులన్నీ దాని కిందే పడుకున్నాడు. తుప్పంతా కోసేశాడు. ఇంజిన్‌కి అటూ ఇటూ ఉండే రెండు ముందు దూలాల్లోనూ మందపాటి ఉక్కు దింపాడు. మూలమూలకీ త్రికోణపు ముక్కలు అతికాడు.

"నాన్నా, నువ్వు చేస్తున్నది కారా, యుద్ధ ట్యాంకా?" అని జెనీన్ పక్కన నిలబడి నవ్వేది.

"యుద్ధమొస్తే నిన్నే ముందు పంపిస్తాను. ఆ పెద్ద పానా ఇలా ఇయ్యి," అనేవాడు కింద నుంచి.

మరుసటి ఆగస్టులో, మాకది చలికాలం, రోడ్డంతా మంచు పేరుకున్న ఒక పొద్దున, మాల్డన్ దారిలో కంగారూ ఒకటి అడ్డం దూకింది. జెనీన్ దాన్ని తప్పించబోయి తిన్నగా నీలగిరి చెట్టుని గుద్దింది. పెద్ద వేగం కాదు. సీటు బెల్టు పెట్టుకునే ఉంది. మెడ విరిగిందన్నారు. చెట్టు దగ్గరున్న పోలీసు టోపీ తీసి, ఏదో ఓదార్పు అనుకుని, "కారుకేం కాలేదండీ పాస్కో గారూ, తోలుకుంటూ ఇంటికి తీసుకెళ్ళచ్చు," అన్నాడు.

మెర్వ్ కారు చుట్టూ తిరిగి చూశాడు. ఒక దీపం పగిలింది. బానెట్ అంచున అరచేయంత ముడత పడింది. అతని కళ్ళకి ఆ ముడత తప్ప ఇంకేమీ కనిపించలేదు. అది కూడా పడకుండా చేసుండాల్సింది, ఇంకో ముక్క వేసుంటే పిల్ల బతికేది అనుకున్నాడు. ఆ ఆలోచన ఎముకలో దిగిన మేకులా ఉండిపోయింది. అది తప్పని చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు గనక? గట్టి కారు కాపాడుతుంది, మెత్తటి కారు చంపుతుంది అన్నదే మా అందరి నమ్మకం.

ఏటా ఆ రోజున మొగుడూ పెళ్ళాలు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. అప్పటికి వాటిల్ చెట్లు పసుప్పచ్చగా పూసి ఉంటాయి. గ్లెనిస్ ఒక కొమ్మ విరిచి చెట్టు మొదట్లో పెట్టేది. మడత కుర్చీల్లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగేవాళ్ళు. లేవబోయే ముందు గ్లెనిస్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ప్రతిసారీ అదే మాట అనేది.

"నువ్వు చేయగలిగిందంతా చేశావు మెర్వ్. అంతకంటే ఏ తండ్రీ చేయలేడు."

ఆ ఒక్క మాట తిని అతను ఏడాది బతికేవాడు.

క్లైవ్ ట్రెగెంజా మెర్వ్‌తో బడిలో చదువుకున్నవాడు. నాలుక మీద తేనె, జేబులో చిల్లు. పాత ఉన్ని మిల్లు షెడ్డు ఒకటి అద్దెకి పట్టి, చేత్తో కట్టే స్పోర్ట్స్ కారు మొదలుపెట్టాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, నేలకి అంటిపెట్టుకుని పరిగెత్తే ఒళ్ళు. అందుకే మా దేశపు ఎండు నేలల్లో తిరిగే విషప్పాము పేరు పెట్టాడు, మల్గా అని. గూడు మెర్వ్ కట్టేవాడు, రంగు జామిత్ వేసేవాడు. జామిత్ మాల్టా నుంచి వచ్చినవాడు, షెడ్డులో అందరికంటే గట్టిగా తిట్టేవాడూ అతనే, అందరికంటే ముందు కంటతడి పెట్టేవాడూ అతనే.

మల్గా గూడు కడుతున్నప్పుడు మెర్వ్ ముందు దూలాలకి గీతల్లో లేని ఒక త్రికోణపు ఉక్కుముక్క అతికేవాడు, ఇటొకటి, అటొకటి. తర్వాత సుత్తితో కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. గుడి గంటలా ఖంగుమంటేనే పైన ఒళ్ళు ఎక్కించనిచ్చేవాడు. క్లైవ్ మొదట బరువని గొణిగాడు. కొన్నవాళ్ళు మాత్రం బానెట్ ఎత్తి "ఇదేనా మెర్వ్ ముక్క?" అని వేలితో తట్టి మురిసిపోవడం చూసి, గొణగడం మానేసి దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలెట్టాడు. వ్యాపారస్థుడి మనసు అంతే కదా.

అలా కొన్నేళ్ళు నడిచింది. కారు ఎంత బాగున్నా కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు ఈ దేశంలో? షెడ్డు మూసేయాలా అన్న మాట వచ్చిన వేళకే శాన్ డియాగో నుంచి హాల్కమ్ అనే డీలరు దిగాడు. మల్గా ఎక్కబోయి అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీసి, స్టీరింగు లేని సీట్లో కూర్చుని తన మీద తనే నవ్వుకున్నాడు. తర్వాత కుడివైపు కూర్చుని బెండిగో దాకా వెళ్ళొచ్చాడు. వచ్చాక నవ్వలేదు, ఎన్ని కట్టగలరని అడిగాడు. అమెరికాలో అమ్మితే పదేళ్ళ పని. అమ్మకపోతే క్రిస్మస్‌కి తాళం. అందరికీ తెలిసిన సంగతే ఇది.

మధ్యలో ఒక గోడ ఉంది. మాటవరసకి అనడం లేదు, నిజమైన గోడే. మా దేశంలో మాలాంటి చిన్నవాళ్ళు కొద్ది కార్లు కట్టుకుంటే పెద్దగా పట్టించుకోరు. అమెరికాలో అమ్మాలంటే మాత్రం అక్కడి కొలతలకి తూగుతుందని చూపించాలి. అంటే లోపల బొమ్మల్ని కూర్చోబెట్టి కారుని కాంక్రీటు గోడకి గుద్దించాలి. పెద్ద కంపెనీకి అదొక లెక్క కాదు. మాకు మాత్రం ఏడాది కష్టం ఒక్క లిప్తలో పోతుంది.

టీ వేళ క్లైవ్ ఈ సంగతి చెప్తే జామిత్ మాంసం కూరిన రొట్టె కొరుకుతున్నవాడు ఆగిపోయాడు.

"నేను ఏడు పూతలు వేసి, నునుపు చేసి, ముద్దుపెట్టుకుని పంపితే వాళ్ళు గోడకేసి కొడతారా? ఇదేం చట్టంరా, మామిడిపండు తీపో కాదో చూడ్డానికి గోడకి విసిరినట్టు!"

"ఇరవై ఐదేళ్ళు ఆగితే ఏ పరీక్షా లేకుండా పోనిస్తారట," అన్నాడు క్లైవ్. "ముసలి కార్లని ఏమీ అడగరు."

"అప్పటికి నేను ముసలి శవాన్ని. నన్నూ ఏమీ అడగరు."

అందరూ నవ్వారు. మెర్వ్ కూడా నవ్వాడు.

మరునాడు ఇంగ్రిడ్ అనే ఇంజనీరు వచ్చింది. పరీక్షకి పంపే కారు ఎలా ఉండాలో చెప్పడానికి క్లైవ్ పిలిపించాడు. బానెట్ ఎత్తించి మెర్వ్ ముక్కని చూసి, "ఇది తీసేయాలి," అంది. దూలాలకి ఎక్కడెక్కడ గాట్లు పెట్టాలో గీసిచ్చింది.

"గాట్లు పెడితే అక్కడ ముడుచుకుపోతుంది కదమ్మా," అన్నాడు మెర్వ్.

"ముడుచుకోవడానికే. మీ పని బాగాలేదని కాదు. ముందు భాగం మెత్తగా పోవాలి, అంతే."

ఆవిడ నాలుగు ముక్కలు ఎక్కువ చెప్పి ఉంటే బాగుండేది. మెర్వ్ నాలుగు ముక్కలు ఎక్కువ అడిగి ఉన్నా బాగుండేది. ఆవిడకి తొందర, అతనికి బిడియం. గీతలు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

మెర్వ్ గాట్లు పెట్టాడు. ఆకురాయితో అంచులు సాపు చేశాడు. ఆ గాట్లని మళ్ళీ మళ్ళీ వేలితో తడిమి చూశాడు. ఇప్పుడు కూర్చునేది బొమ్మే కావచ్చు, రేపు శాన్ డియాగోలో ఎవరి పిల్లో ఆ సీట్లో కూర్చుంటుంది. తెలిసి తెలిసి విరిగే దూలం కట్టి ఎలా ఇవ్వడం? పక్కవాళ్ళు భోజనానికి పోయినప్పుడు దూలాల లోపల వైపు మందపాటి రేకు వేసి అతికేశాడు. పైకి గాట్లు గాట్లలాగే కనిపిస్తాయి. సుత్తితో కొడితే ఖంగుమంది. మల్గా మొత్తం చరిత్రలో అంత గట్టి గూడు ఇంకోటి లేదు.

పరీక్ష మెల్‌బోర్న్ పొలిమేరలో. క్లైవ్, మెర్వ్, జామిత్ ముగ్గురూ పెళ్ళివారిలా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళారు. అద్దం వెనక నిలబడ్డారు. మల్గా ఎర్రగా మెరుస్తూ, తీగ లాగుతుంటే చప్పుడు లేకుండా వచ్చింది. ఇంజిన్ మోత లేకుండా మల్గా పరిగెత్తడం వాళ్ళు చూడటం అదే మొదలు. గోడ దగ్గర నేల అదిరింది.

దుమ్ము అణిగాక చూస్తే కారు నిలబడి ఉంది! తలుపులు వంగలేదు, ముందు అద్దం చిట్లలేదు. జామిత్ పరిగెత్తుకెళ్ళి ఒక్క వేలితో తలుపు తీసి చూపించాడు. "చూశారా నా బంగారాన్ని! గోడకే దెబ్బ తగిలుంటుంది, ముందు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి!" అని అరిచాడు. క్లైవ్ మెర్వ్‌ని కౌగిలించుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి మెర్వ్ ఛాతీ మీది బరువు జారింది. చూశావా తల్లీ అని మనసులో అనుకున్నాడు.

ఇంగ్రిడ్ మాత్రం నవ్వలేదు. లోపలికి పిలిచి ఫిల్మ్ వేసింది. నెమ్మదిగా నడిచే ఫిల్మ్. కారు గోడని తాకింది, ఆగిపోయింది. కారు ఆగినా లోపలి బొమ్మ ఆగలేదు. బెల్టు దాని ఛాతీని పట్టుకుంది, తల మాత్రం ముందుకి పోయింది, పోయింది, మెడ సాగింది, తర్వాత వెనక్కి విరుచుకుపడింది.

"చనిపోయింది," అంది ఇంగ్రిడ్. "రెండో బొమ్మా అంతే. కారు దెబ్బ ఏమీ తినలేదు, అందుకని మొత్తం దెబ్బ లోపలున్నవాళ్ళే తిన్నారు. ముందు భాగం ముడతలు పడాలి. ఒక్కో ముడతా కొంత దెబ్బ మింగుతుంది. ఇక్కడ చూడండి, ముడతే లేదు. బానెట్ అంచున ఇదిగో, ఇదొక్కటే."

మెర్వ్ చూశాడు. అరచేయంత ముడత.

గదిలో ఎవరేం మాట్లాడారో అతనికి వినిపించలేదు. ఆ ముడతని అతను ఎరుగును. కళ్ళు మూసుకున్నా గీయగలడు. మాల్డన్ దారి, మంచు, టోపీ తీసిన పోలీసు. కారుకేం కాలేదండీ.

"గాట్లు పెట్టమన్న చోట పెట్టారా?" అని ఇంగ్రిడ్ అడిగితే క్లైవ్ పెట్టామన్నాడు. "అయితే దూలాలు కోసి చూడాలి."

"కొయ్యక్కర్లేదు," అన్నాడు మెర్వ్. "లోపల రేకు ఉంది. నేనే వేశాను."

క్లైవ్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఎందుకురా?"

"ముడుచుకుంటుందని."

"ముడుచుకోవాలనే కదరా ఆవిడ గీసిచ్చింది! ఏడాది పాటు గింజుకుని... పది కుటుంబాల కూడురా అది!" అని క్లైవ్ అరిచాడు. జామిత్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకో కారు కట్టే శక్తి, ఇంకోసారి గోడ దాకా వచ్చే శక్తి వాళ్ళకి లేదని ముగ్గురికీ తెలుసు.

వాళ్ళిద్దరూ బయటికి పోయాక మెర్వ్ ఇంగ్రిడ్ దగ్గర ఆగాడు.

"ఒకటి అడుగుతానమ్మా. చిన్న కారు. పాతది. దానికీ ఇలాగే ముందు దూలాల్లో ఉక్కు నింపి, మూలలకి ముక్కలు వేసి... అది చెట్టుని గుద్దితే?"

"ఏ వేగం?"

చెప్పాడు. ఆవిడ ఒక క్షణం లెక్క వేసుకుంది. ఆమెకి ఏం తెలుసు పాపం, అడిగినదానికి జవాబు చెప్పింది.

"ఏమీ చేయకుండా వదిలేసి ఉంటే కాళ్ళో పక్కటెముకలో విరిగేవి. బతికే అవకాశమే ఎక్కువ. అలా ఉక్కు నింపాక కష్టం. ఎవరిదండీ ఆ కారు?"

"తెలిసినవాళ్ళది," అన్నాడు మెర్వ్.

తిరుగుదారిలో కైన్‌టన్ ఊరు దాటారు. అప్పుడు క్లైవ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఊళ్ళో ఎవరడిగినా అమెరికా వాళ్ళ చట్టం కుదరలేదని చెప్దాం. రేకు సంగతి మన ముగ్గురి దగ్గరే ఉండిపోవాలి. జామిత్, విన్నావా?"

"నాకు రంగు తప్ప ఇంకేం తెలుసురా," అన్నాడు జామిత్, కళ్ళు తుడుచుకుంటూ.

క్లైవ్‌ని జేబుకి చిల్లున్నవాడని ఇందాక వెక్కిరించాను. ఆ మనిషి చచ్చేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. క్రిస్మస్‌కి షెడ్డుకి తాళం పడింది. ఊరు అమెరికాని తిట్టుకుంది, ఇప్పటికీ తిట్టుకుంటోంది. మెర్వ్ దుఃఖం షెడ్డు పోయినందుకేనని వాళ్ళిద్దరూ అనుకున్నారు. అందులో సగం కూడా వాళ్ళకి తెలియదు.

తాళం పడ్డాక మెర్వ్ గ్రైండరు తన యూట్ ట్రక్కులో వేసుకుని మల్గాలు కొన్నవాళ్ళ ఇళ్ళకి బయల్దేరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, పట్టుకోకుండా ఎలా ఉంటాడు? "ఆ ముక్క కోసేస్తాను, ఉత్తినే చేస్తాను," అని గుమ్మంలో నిలబడి బతిమాలేవాడు. ఒకరిద్దరు సరేనన్నారు. మిగిలినవాళ్ళు నవ్వారు. "మెర్వ్ ముక్క లేకపోతే అది మల్గా ఎలా అవుతుందయ్యా? దానికోసమే కదా కొన్నది!" ఒకావిడైతే బానెట్ ముందు అడ్డం నిలబడింది. ఎందుకు కొయ్యాలో చెప్పాలంటే గోడ సంగతి చెప్పాలి. రేకు మాట ఎత్తకుండా మొదట్లో చెప్పి చూశాడు కూడా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళకి ఏం చెప్పగలం? ముసలాడికి షెడ్డు పోయి మతి చలించిందని చెప్పుకున్నారు.

జామిత్‌కీ ఒక మల్గా ఉంది. మెర్వ్ వెళ్ళి నిలబడగానే బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. "కొయ్యి. రంగు నేను మళ్ళీ వేసుకుంటాలే. కారణం అడగను. అడిగితే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి నేను ఏడుస్తాను, నా పెళ్ళాం ఇద్దరికీ సూప్ కాచి పోస్తుంది."

కోసిన ముక్క చేతిలోకి తీసుకుని మెర్వ్ చాలాసేపు చూశాడు. అతుకు బాగా పట్టింది. ఎక్కడా చిన్న బీట కూడా లేదు.

ఇప్పుడు ఆ ఇరవై ఐదేళ్ళూ ఎప్పుడో దాటిపోయాయి. ముసలి కార్లని అమెరికా నిజంగానే ఏమీ అడగడం లేదు. మల్గాలు ఒక్కటొక్కటే పెట్టెలకెక్కి సముద్రం దాటి పోతున్నాయి. అక్కడి నుంచి ఫోన్ చేసేవాళ్ళు ముందుగా అడిగేది మెర్వ్ ముక్క ఉందా అని. ఉంటే ధర ఎక్కువట. ఆ మాట బారులో ఎవరైనా చెప్పి మెర్వ్ భుజం తడితే, అతను గ్లాసు అక్కడే వదిలేసి ఇంటికి పోతాడు.

గ్లెనిస్‌కి అతను చెప్పలేదు. చెప్పబోయిన రోజులు లేకపోలేదు. పొయ్యి దగ్గర ఆవిడ వీపు చూస్తూ నోరు తెరిచి, ఉప్పు ఎక్కడుందని అడిగి ఊరుకున్నాడు. పిల్ల పోయాక ఆవిడకి మిగిలింది ఒక్కటే, తన మొగుడు చేయగలిగిందంతా చేశాడన్న నమ్మకం. అది కూడా లాక్కుంటే ఇంకేం మిగులుతుంది? అందుకని ఏటా ఆగస్టులో ఆ చెట్టు దగ్గరికి వెళ్ళడం, ఆ మాట వినడం మానలేదు. ఒకప్పుడు ఏడాదికి సరిపడా తిండి పెట్టిన మాట ఏటేటా విషమైంది. అయినా తాగుతూనే వచ్చాడు.

పోయిన ఆగస్టులో కూడా వెళ్ళారు. గ్లెనిస్‌కి మోకాళ్ళు పట్టేసి కొమ్మ తనే విరవలేకపోతే, మెర్వ్ విరిచి ఇచ్చాడు. నీలగిరి చెట్టు మీద పాత దెబ్బ ఎప్పుడో పూడుకుపోయింది, ఎక్కడో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. టీ అయ్యాక గ్లెనిస్ ఫ్లాస్కు మూత బిగించింది. తర్వాత అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళలో నీతో ఎప్పుడూ అనలేదు మెర్వ్. తప్పుపడుతున్నానని అనుకోకు. ఆ కారు ఇంకొంచెం గట్టిగా ఉండుంటే పిల్ల బతికేదేమో అనిపిస్తుంది, ఒక్కోసారి."

మెర్వ్ ఆవిడ చేతిమీద తన చెయ్యి పెట్టాడు. దూరంగా మాల్డన్ వైపు నుంచి పాల లారీ ఒకటి వచ్చి, వాళ్ళని దాటి వెళ్ళింది.

"అవును గ్లెన్," అన్నాడు. "ఇంకో ముక్క వేసుండాల్సింది."